ఒక బొమ్మ ఆలస్యం

కురమోచి సనాయె ఎడమచేతి వేళ్ల సందుల్లో పొద్దస్తమానం నాలుగు కాగితాలు ఇరుక్కుని ఉండేవి. సందుకొకటి. వాటిని వరసగా విదిలిస్తే కాగితం మీది మనిషి తల తిప్పుతుంది, గొడుగు విప్పుతుంది, మెట్లు దిగుతుంది. ఆ విదిలింపులో ఏ గీతైనా వెంట్రుకవాసి తడబడితే ఆమె వేలు టక్కున ఆగేది. కంటికన్నా ముందు వేలికే తెలిసేది.

తోక్యోకి పడమటి కొసన, కామి-ఇగుసా స్టేషన్ దగ్గర, ఎండుచేపల కొట్టు మీది అంతస్తులో ఉండేది ఆ స్టూడియో. బొమ్మల సినిమాలో ప్రతి కదలికకూ మొదటి బొమ్మా చివరి బొమ్మా గీసేవాళ్లు పెద్దవాళ్లు. వాళ్లవి అసలు బొమ్మలు. ఆ రెంటి మధ్యా రావలసినవి గీసేవాళ్లు వాళ్ల కిందివాళ్లు. ఆ నడిమి బొమ్మలన్నీ తెచ్చి సనాయె ముందు పడేసేవారు. తప్పులు పట్టి, చెరిపి, సరిగా గీసి, మూలన తన ముద్ర గుద్ది రంగులవాళ్లకు పంపడం ఆమె పని. పందొమ్మిదో ఏట వచ్చి ఆ బల్ల ముందు కూర్చుంది. ఇప్పుడు ముప్పై ఒకటి.

ఆమె తల్లి కిర్యు అనే ఊళ్లో ఒక బట్టల మిల్లులో పనిచేసేది. మగ్గం మీంచి దిగిన పట్టును వెలుతురుకు పట్టి ముడులూ తెగిన పోగులూ వెతికే పని. చిన్నప్పుడు ఒకసారి సనాయె అడిగింది, ఇవాళ నువ్వు చూసిన పట్టు మీద ఏం పువ్వులున్నాయమ్మా అని. తల్లి చాలాసేపు ఆలోచించింది. "పువ్వులా? ఉండే ఉంటాయిలే. నేను చూళ్లేదు" అంది.

సనాయెకి ఉన్న కోరిక ఒక్కటే. అసలు బొమ్మలు గీయాలి. ఒక్క షాటైనా సరే, అందులోని మనిషి తన చేతిలో పుట్టాలి. అందుకు రెండుసార్లు పరీక్షకు కూర్చుంది. రెండుసార్లూ పోయింది. రెండోసారి కాగితాలు తిరిగిస్తూ ఒక పెద్దాయన మెత్తగానే చెప్పాడు. "ఎక్కడా తప్పు లేదమ్మా. మనిషి కూడా లేదు."

ఆ మాటను ఆమె ఎవరికీ చెప్పలేదు. రోజూ పెన్సిళ్లు చెక్కుకునేటప్పుడు మాత్రం గుర్తొచ్చేది.

ఆ ఏడు స్టూడియోకి వచ్చిన సినిమా పిల్లల కోసం తీసింది కాదు. అందులో దయ్యం లేదు, కత్తి లేదు. బీమా ఆఫీసులో గుమాస్తా అయిన ఒకావిడకి, అద్దంలోనూ రైలు కిటికీలోనూ కనిపించే తన నీడ తనకన్నా బాగా బతుకుతోందన్న అనుమానం మొదలవుతుంది. ఆ అనుమానమే సినిమా. దర్శకుడు నిషిగోరికి యాభై దాటాయి. ఎప్పుడూ ఒకే బూడిదరంగు స్వెటరు వేసుకునేవాడు, ఎదుటివాళ్ల మొహం కాకుండా చేతులు చూస్తూ మాట్లాడేవాడు.

ఏప్రిల్ చివర్లో ఒక మధ్యాహ్నం ఆయన వచ్చి సనాయె బల్ల పక్కన నిలబడ్డాడు. ఆమె అన్నం ముద్దను నోటి దగ్గర పెట్టుకున్నది పెట్టుకున్నట్టే లేచి నిలబడింది.

"కూర్చోండి కురమోచి గారూ. మింగండి ముందు. పొలమారుతుంది."

ఆమె మింగింది.

"మీరు అసలు బొమ్మల పరీక్షకు వెళ్లారటగా?"

"రెండుసార్లు వెళ్లానండీ. రాలేదు."

"నాకొక షాట్ ఉంది. ఆఫీసు చేతులు కడుక్కునే గది. మన గుమాస్తావిడ అద్దం ముందు నిలబడి వేలితో గాజును ముట్టుకుంటుంది. అద్దంలోది కూడా ముట్టుకుంటుంది. అంతే, ఇంకేం జరగదు."

"సరేనండీ."

"జరిగేది ఒక్కటే. అద్దంలోది ఒక బొమ్మ ఆలస్యంగా కదులుతుంది. సెకనులో ఎనిమిదో వంతు. చూసేవాడికి తెలియకూడదు. కానీ వాడి వీపు మీద ఎవరో వేలు పెట్టినట్టుండాలి. సినిమా అంతా ఆ షాట్ మీదే ఆనుకుని ఉంది." ఆయన ఆమె వేళ్లవైపు చూశాడు. "రెండు వేళ్లూ ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి మనిషినీ నీడనీ వేర్వేరు షీట్ల మీద వేయడానికి వీల్లేదు. ఒకే కాగితం మీద గీయాలి. ఇంత సన్నటి తేడాను పట్టుకోగల చెయ్యి ఈ స్టూడియోలో మీకే ఉంది. తెర మీద నిలబడిందంటే శరదృతువు నుంచి మీ బల్ల ఆ గదిలో." అసలు బొమ్మలవాళ్ల గదివైపు గడ్డం తిప్పి చూపించాడు.

ఆయన వెళ్లాక పక్క బల్ల త్సుయాకో కుర్చీతో సహా జరిగి వచ్చింది. ఇద్దరూ ఒకే వసంతంలో పనిలో చేరినవాళ్లు. స్టూడియోలో సనాయెని "నువ్వు" అని పిలిచేది ఆమె ఒక్కతే.

"ఏమే, ఆ స్వెటరాయన నీతో అంతసేపు మాట్లాడాడా? పెళ్లి గానీ చేసుకుంటానన్నాడా ఏంటి?"

"షాట్ ఇచ్చారు."

త్సుయాకో నవ్వు ఆపేసింది. "అసలుదా?"

సనాయె తల ఊపింది.

"మరి ఏడుపు మొహం పెట్టావేమే! దేవుడా, నాకిస్తే ఈపాటికి ఎండుచేపల కొట్టుకెళ్లి అందరికీ చేపలు పంచేదాన్ని."

ఆ స్టూడియోలో ప్రతి బల్ల మీదా ఒక చేతి అద్దం ఉండేది. బొమ్మ నవ్వాలంటే గీసేవాళ్లు ముందు అద్దంలో నవ్వి చూసుకోవాలి, ఏడవాలంటే ఏడ్చి చూసుకోవాలి. సనాయె అద్దం మాత్రం పన్నెండేళ్లుగా రబ్బరు పొట్టు పట్టి ఉంది. తప్పులు దిద్దడానికి మొహంతో పనిలేదు. ఆ రోజు దాన్ని తుడిచి ఎదురుగా పెట్టుకుంది. వేలెత్తి గాజును ముట్టుకుంది. అద్దంలోది అదే క్షణాన ముట్టుకుంది. వందసార్లు ముట్టుకున్నా అంతే. ఆలస్యమన్నది ఎలా ఉంటుందో ఏ అద్దం చూపిస్తుంది?

మూడో రోజు త్సుయాకోని బతిమాలి చేతులు కడుక్కునే గదిలోకి తీసుకెళ్లింది.

"నా ఎదురుగా నిలబడు. నేనేం చేస్తే నువ్వు అది చెయ్యి."

"అంటే నేను నీ నీడనా? ఇంత లావు నీడ ఎక్కడైనా ఉంటుందే?"

"నవ్వకు త్సుయా. ప్లీజ్."

సనాయె చెయ్యెత్తింది. త్సుయాకో చెయ్యెత్తింది. సనాయె తల కొంచెం పక్కకు వంచింది, కింది పెదవిని పళ్ల కిందికి లాక్కుంది. త్సుయాకో అదంతా చేసింది, కానీ చూసి చేయాలి కాబట్టి రవ్వంత వెనక. ఆ రవ్వంతలో, సనాయె పెదవి ముడుచుకుని అయిపోయాక ఎదుటి మనిషి పెదవి ముడుచుకుంటూ ఉండగా, సనాయె మొదటిసారి తనను బయటినుంచి చూసింది. తానిలా ఉంటుందా? దేనికో క్షమాపణ అడగబోయి ఆగిపోయిన మనిషిలా?

కుళాయి గట్టును పట్టుకుంది.

"ఏమైందే?"

"ఏం లేదు. ఇంకోసారి చెయ్యి."

పదకొండు రోజులు గీసింది. ఇంట్లో, రైల్లో, మోకాళ్ల మీద కూడా గీసింది. కాగితం అంచున ఎర్ర పెన్సిలుతో రాసి చుట్టూ గీత చుట్టింది. "అద్దంలోది ఒక బొమ్మ ఆలస్యం. దిద్దవద్దు."

నిషిగోరి ఆ కాగితాలను వేళ్ల సందుల్లో పెట్టుకుని విదిలించాడు. మళ్లీ విదిలించాడు. మూడోసారి విదిలించి, చేతులు చూసే అలవాటు మానేసి ఆమె మొహంలోకి చూశాడు.

"ఇక్కడ మనిషి ఉంది" అన్నాడు.

ఆ సాయంత్రం సనాయె స్టేషన్ దాకా నడిచి, రైలెక్కకుండా, మళ్లీ స్టూడియో దాకా నడిచి, మళ్లీ స్టేషన్‌కి వచ్చింది. ఊరికే. నవ్వుతున్న మొహంతో రైల్లో కూర్చోవడానికి ఆమెకు సిగ్గేసింది.

నడిమి బొమ్మలు గీయడానికి షాట్ త్సుయాకో చేతికి వెళ్లింది. జూన్‌లో వానలు పట్టుకున్నాయి. వానాకాలం కాగితం తేమకు ఉబ్బుతుంది. గీసినప్పుడు కలిసిన గీతలు మర్నాటికి కలవవు. దిద్దే పని రెట్టింపవుతుంది. సినిమా అప్పటికే నెల వెనకబడి ఉంది. పనిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి వ్యానులో చేరవేసే హగా గారు, గొంతు పెద్దది ఆవిడకి, పొద్దున్నే తడిసిన గొడుగుతో పైకొచ్చేది.

"కురమోచి గారూ, ఇవాళ ఆరు వందల ఇరవై. మధ్యాహ్నం మూడింటికి రంగులవాళ్ల దగ్గర లేకపోతే వాళ్లు నన్ను ఉప్పులో ఊరేస్తారు."

"మూడింటికా? కష్టమండీ."

"మీకు కష్టమేంటండీ. మీది చెయ్యా, మిషనా? కళ్లు మూసుకుని చేసేస్తారు!"

ఆ రోజు గురించి సనాయెకి తర్వాత గుర్తున్నవి ఇవి. కింద కొట్లో కాలుతున్న చేపల వాసన. బార్లీ టీ చల్లారిపోయి పైన తెట్టు కట్టడం. గాజుబల్ల కింద దీపం వేడికి అరచేతులు చెమర్చడం. కవరు విప్పడం, కాగితాలు వేళ్ల సందుల్లోకి ఎక్కించడం, విదిలించడం, వేలు ఆగడం, రబ్బరు, పెన్సిలు, ముద్ర. ఇంకో కవరు. మూడు గంటలకు అయిదు నిమిషాల ముందు హగా గారు కట్టలెత్తుకుని మెట్లు దిగుతూ, "చూశారా! నే చెప్పలా" అని అరవడం. అంతే. ఇంకేం లేదు.

జులై మొదటివారంలో ఒక మధ్యాహ్నం, రంగులు వేసి ఫోటోలు తీసిన షాట్లను మొదటిసారి తెర మీద వేసి చూశారు. చిన్న గది. పన్నెండు మడత కుర్చీలు. సనాయె చివరి వరసలో కూర్చుంది. త్సుయాకో ఆమె మోచేతిని పట్టుకుని ఉంది.

చేతులు కడుక్కునే గది వచ్చింది. పచ్చటి పలకలు, తెల్లటి దీపం. ఆవిడ అద్దం ముందుకొచ్చింది. వేలెత్తింది. గాజును ముట్టుకుంది. అద్దంలోది ముట్టుకుంది. తర్వాతి షాట్ వచ్చేసింది.

"ఆపండి" అన్నాడు నిషిగోరి. "వెనక్కి."

మళ్లీ వేశారు. మళ్లీ. ఒకావిడ అద్దం ముట్టుకుంది. రోజూ ఆడవాళ్లందరూ చేసేదే. ఎవరి వీపు మీదా ఎవరూ వేలు పెట్టలేదు.

"ఆలస్యం ఏదీ?"

త్సుయాకో పట్టు మోచేతి మీద బిగిసింది. "నేను గీశానండీ" అంది. "రాసినట్టే, ఒక బొమ్మ వెనకే గీశాను. ఒట్టు."

హగా గారు కవరు తెచ్చి బల్ల మీద బోర్లించింది. ఎనిమిది నడిమి బొమ్మలు. అన్నింటిలోనూ అద్దంలోని వేలూ కళ్లూ పెదవీ చెరిపేసి ఉన్నాయి. చెరిపిన చోట కొత్త గీత, సన్నగా, ఎక్కడా వణుకు లేకుండా, సరిగ్గా మనిషితో కలిసేలా. ప్రతి కాగితం మూలనా ముద్ర ఉంది. కురమోచి.

"అసలు బొమ్మలు తీయండి. వాటిని బట్టి మళ్లీ గీయిద్దాం" అన్నాడు నిషిగోరి.

అదే కవరులో వచ్చిన అసలు బొమ్మలు తీశారు. వాటిలోనూ అంతే. పదకొండు రోజులు గీసిన ఆ పెదవి, అయిపోయిన తర్వాత ముడుచుకునే ఆ పెదవి, శుభ్రంగా చెరిగిపోయి ఉంది. దాని స్థానంలో సమయానికి ముడుచుకున్న పెదవి. అంచున ఎర్ర అక్షరాలు అలాగే ఉన్నాయి. అద్దంలోది ఒక బొమ్మ ఆలస్యం. దిద్దవద్దు. ఆ మాటల పక్కన, చూశాను అన్నట్టుగా, ఒక చిన్న టిక్కు.

టిక్కు కొస పైకి తిరిగి ఉంది. సనాయె టిక్కు ఎప్పుడూ అలాగే పైకి తిరుగుతుంది.

"మీరేనా?" అన్నాడు నిషిగోరి.

"నాదేనండీ చెయ్యి."

"ఎందుకు?"

ఆమె కాగితాన్ని దగ్గరికి తీసుకుని చూసింది. వేరే ఊళ్లో, వేరే మనిషి చేసిన పనిలా ఉంది. చక్కటి పని. ఎక్కడా తప్పు లేదు.

"గుర్తు లేదండీ" అంది. "ఈ కవరు నేను విప్పినట్టే గుర్తు లేదు."

ఎవరో ఇబ్బందిగా నవ్వారు. నిషిగోరి నవ్వలేదు, కోప్పడనూ లేదు. కోప్పడితే బాగుండునని ఆమెకు అనిపించింది.

"మళ్లీ గీస్తానండీ. నాలుగు రోజులు ఇవ్వండి."

"గీస్తారు" అన్నాడాయన, ఆమె చేతులవైపు చూస్తూ. "మళ్లీ మీరే దిద్దేస్తారు."

"లేదండీ. ఈసారి..."

"రెండు రోజులు" అన్నాడు. "శనివారం పొద్దున్న నా బల్ల మీద ఉండాలి. లేకపోతే లోపల అసలు బొమ్మల గదిలో ఎవరికైనా ఇచ్చేస్తాను. నేను మాత్రం ఏం చేయను చెప్పండి, సినిమా ఆగదు."

మర్నాడు ఆమె త్సుయాకోని మళ్లీ ఆ గదిలో ఎదురుగా నిలబెట్టింది. చెయ్యెత్తింది. త్సుయాకో చెయ్యెత్తింది. సనాయె తల వంచింది, పెదవిని లాక్కుంది.

"కాస్త ఆలస్యంగా చెయ్యి త్సుయా."

"అలాగే చేస్తున్నాగా."

"లేదు. నాతోపాటే చేస్తున్నావు."

"ఏంటే నువ్వు! నిన్ను చూడకుండా ముందే ఎలా చేస్తానే? నాకేమైనా దివ్యదృష్టి ఉందా?"

"ఇంకా ఆలస్యంగా చెయ్యి."

త్సుయాకో ఒకటి, రెండు అని పైకి లెక్కపెట్టి చెయ్యెత్తింది. సనాయెకి ఆ లెక్క వినిపించింది. కానీ చెయ్యి తన చేతితోపాటే లేచినట్టుగా కనిపించింది. కళ్లు నులుముకుంది. మళ్లీ చేయించింది. ఆరోసారికో ఏడోసారికో త్సుయాకో చెయ్యి దించేసి ఆమె భుజాల మీద వేసింది.

"సనా, ఇంటికెళ్లి పడుకోవే. నాకు భయమేస్తోంది."

సనాయె ఇంటికి వెళ్లలేదు. బల్ల దగ్గర కూర్చుని గీసింది. గీసినవి వేళ్లలో పెట్టుకుని విదిలించింది. ఎంత ఆలస్యంగా గీద్దామనుకున్నా, విదిలించేసరికి అద్దంలోది సమయానికే వచ్చి నిలబడేది. కళ్లు ఒప్పుకోకపోతే లెక్క ఉందిగా అని స్కేలుతో కొలిచి, చుక్కలు పెట్టి, ఒక బొమ్మ వెనకకు గీసింది. ఆ కాగితాల కట్ట శుక్రవారం సాయంత్రం త్సుయాకోకి ఇచ్చి, "ఉందా?" అని అడిగింది.

త్సుయాకో విదిలించి చూసింది. చాలాసేపు చూసింది.

"ఆలస్యం ఉందే" అంది.

"మరి?"

"ఆలస్యం ఉంది. అంతే." ఆమె కట్టను తిరిగి బల్ల మీద పెట్టింది. "ఇదివరకటిది గీస్తుంటే నా చేతి మీద వెంట్రుకలు లేచాయి. ఇది... టైము తప్పిన గడియారంలా ఉంది. నేను అబద్ధం చెప్పలేను నీకు."

శనివారం పొద్దున్న నిషిగోరి బల్ల మీద ఆమె ఏమీ పెట్టలేదు. షాట్ లోపల గదికి వెళ్లింది.

సినిమా అక్టోబరులో వచ్చింది. సనాయె సెలవుపెట్టి, ఒక మంగళవారం పొద్దుటి ఆటకు ఒంటరిగా వెళ్లింది. హాల్లో పాతిక మంది కూడా లేరు. ముందు వరసలో కాలేజీ అమ్మాయిలు ఇద్దరు చిప్స్ పొట్లం ఒకళ్లవైపు ఒకళ్లు తోసుకుంటున్నారు.

పచ్చటి పలకలు వచ్చాయి. తెల్లటి దీపం. ఆవిడ అద్దం ముందుకొచ్చింది. సనాయె రెప్ప వేయకుండా చూసింది. ఆవిడ వేలెత్తి గాజును ముట్టుకుంది. అద్దంలోది సరిగ్గా అదే క్షణాన ముట్టుకుంది.

ముందు వరసలో చిప్స్ పొట్లం చప్పుడు ఆగిపోయింది.

"అబ్బా" అంది ఒకమ్మాయి.

"ఏంటే?"

"ఏమో. ఏదోలా అనిపించింది. నీకనిపించలా?"

"నా చెయ్యి చూడు" అంది రెండోది.

పక్క వరసలో ఒక పెద్దాయన కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. వెనక ఎవరో దగ్గారు. హాలంతా ఒకసారి ఒళ్లు సర్దుకున్నట్టయింది. ఆ ఆలస్యాన్ని అందరూ చూశారు. సనాయె తెరనే చూస్తూ ఉంది. అక్కడ ఒకావిడ, ఒక అద్దం. ఎక్కడా తప్పు లేదు.

చివర్లో పేర్లు వచ్చాయి. అసలు బొమ్మల వరస గడిచింది. తర్వాత నడిమి బొమ్మలు, త్సుయాకో పేరు. వాటి కింద ఒంటరిగా, తనిఖీ, కురమోచి సనాయె. అక్షరాలు సూటిగా, సమానమైన ఎడంతో పైకి వెళ్లిపోయాయి.

మర్నాడు పొద్దున ఆమె తొమ్మిదిన్నరకు బల్ల దగ్గర ఉంది. చేతి అద్దాన్ని సొరుగులో బోర్లించింది. వచ్చే వసంతానికి రంగుల పనీ తనిఖీ పనీ కంప్యూటర్‌కి ఇచ్చేస్తారని కింద కొట్టువాడికి కూడా తెలుసు. హగా గారు మెట్లెక్కి వచ్చి కట్ట దించింది.

"ఇవాళ నాలుగు వందలేనండీ. పిల్లల సినిమా. కుందేళ్లు."

"సరేనండీ."

సనాయె మొదటి కవరు విప్పింది. నాలుగు కాగితాలు వేళ్ల సందుల్లోకి ఎక్కించి విదిలించింది. వేలు ఆగింది. రబ్బరు అందుకుంది. ఆ కాగితాల మీద ఉన్నవి నిజంగా కుందేళ్లేనా అని తర్వాత ఎవరైనా అడిగి ఉంటే, ఆమె చాలాసేపు ఆలోచించవలసి వచ్చేది.